ఇంటి చదువులో మా రోజు కుదురుకున్న తీరు

ఆరేళ్ల పిల్లకు పక్కన కూర్చుని నేర్పాల్సిన చదువు రోజుకు గంటకు మించి ఉండదు. చదవడం, రాయడం, లెక్కలు అన్నీ కలిపి అంతే. బడి మానిపించే ముందు నేనూ మా ఆయనా మాట్లాడుకున్నదంతా పాఠాల గురించే. ఏ పుస్తకాలు కొనాలి, ఎంత సిలబస్ చెప్పాలి, ఎవరు ఏ సబ్జెక్టు చూసుకోవాలి అని. తీరా మొదలుపెట్టాక తెలిసింది, ఇంటి చదువులో అసలు పనంతా ఆ గంట అయిపోయాక మిగిలే రోజును నడిపించడంలో ఉందని. పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఇద్దరు పిల్లలు కళ్ల ముందే ఉంటారు. వాళ్ల ఆకలి, అల్లరి, తగాదాలు, ప్రశ్నలు, మన ఇంటి పని అన్నీ ఒకే చోట, ఒకే సమయంలో. ఆ రోజు మా ఇంట్లో మెల్లగా ఎలా కుదురుకుందో రాస్తున్నాను. ఇదే ఆలోచనలో ఉన్న అమ్మానాన్నలకు పనికొస్తుందని నా ఆశ.

మొదలుపెట్టినప్పుడు మా పాపకు ఆరేళ్లు, బాబుకు మూడు. బడి మీద మాకు కోపమేమీ లేదు. అక్కడి టీచర్లు మంచివాళ్లే. కానీ మా పాపది పట్టిన పని వదలని స్వభావం. బొమ్మ వేయడం మొదలుపెడితే పూర్తయ్యేదాకా లేవదు. చీమల బారు కనిపిస్తే అది ఎక్కడికి పోతోందో తేలేదాకా అక్కడే గొంతుక్కూర్చుంటుంది. గంట కొట్టగానే చేతిలో పని వదిలేసి ఇంకోటి అందుకోవడం దానికి పెద్ద టెన్షన్ అయిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాడిపోయి ఉండేది, తమ్ముడు చెయ్యి వేస్తే చాలు ఏడుపు. కొన్నేళ్లు ఇంట్లో చదివిద్దాం, ఆ తర్వాత సంగతి పాప పెద్దయ్యాక చూద్దాం అనుకున్నాం. ఇంటి చదువుకు నిబంధనలు దేశానికో తీరుగా ఉంటాయి. కొన్నిచోట్ల ముందే తెలియజేయాలి, కొన్నిచోట్ల పిల్లల పురోగతి చూపించాలి, జర్మనీ లాంటి దేశంలో మామూలుగా ఒప్పుకోరు. మీరున్న చోట పద్ధతేమిటో కనుక్కున్నాకే అడుగు వేయండి. మేమూ ఆ పని ముందే పూర్తి చేసుకున్నాం.

బడి మానిన తొలి వారాల్లో పాఠాల జోలికి పోలేదు. బడి నుంచి వచ్చిన పిల్లలకు కొంత విరామం కావాలని ఈ దారిలో ముందు నడిచినవాళ్లు చాలామంది చెబుతారు. లోపల బెంగగానే ఉండేది, పిల్ల వెనకబడిపోతోందేమో అని. అయినా ఊరుకుని గమనిస్తూ ఉన్నాను. ఆ రోజుల్లో పాప ఎప్పుడూ టీచరాటే ఆడేది. తమ్ముణ్ణి గోడకు ఆనించి కూర్చోబెట్టి, నోటి మీద వేలు పెట్టించి, పేర్లు పిలుస్తూ హాజరు వేసేది. ఆ తరగతిలో తమ్ముడు, రెండు బొమ్మలు, ఒక దిండు. వాడు కదిలితే గట్టిగా కసిరేది. నేను కల్పించుకోలేదు. రోజులు గడిచేకొద్దీ కసురుకోవడం తగ్గింది. టీచరమ్మ కథలు చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు ఆ తరగతి గది కాస్తా ఓడ అయింది, దిండు కెప్టెన్ అయింది. అప్పుడు నా మనసు కుదుటపడింది. పిల్ల తేరుకుంది, ఇక మొదలుపెట్టొచ్చు అనిపించింది.

ఇంటి చదువు గురించి వెతికేవాళ్లకు జాన్ హోల్ట్ పేరు తప్పక తగులుతుంది. అమెరికాలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, బడులను మార్చాలని ఏళ్ల తరబడి ప్రయత్నించి, చివరికి పిల్లల్ని ఇంట్లో చదివించుకునే కుటుంబాల వైపు వచ్చారు. 1977లో వాళ్ల కోసం ఒక పత్రిక కూడా మొదలుపెట్టారు. నేర్చుకోవాలన్న కోరిక పిల్లలకు పుట్టుకతోనే ఉంటుంది, పెద్దవాళ్లు దాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు అన్నది ఆయన ఆలోచనల సారం. అది నిజమని నా పిల్లల్ని చూస్తే నాకూ అనిపిస్తుంది. కానీ దాన్ని పట్టుకుని ఏదీ కూర్చోబెట్టి నేర్పనక్కర్లేదనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆటలో, చుట్టూ ఉన్న లోకాన్ని తెలుసుకోవడంలో పిల్లల్ని వాళ్ల దారిన వదిలేయొచ్చు. చదవడం మాత్రం రోజూ కాసేపు, వరుసగా, పక్కన కూర్చుని నేర్పాలి. ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది. మాది ఇది.

రోజును మేం గడియారంతో కట్టెయ్యలేదు. ఏ పని తర్వాత ఏ పని అన్న వరుస మాత్రం పెట్టుకున్నాం. లేవగానే మంచాలు సర్దడం, ఇంటి పనుల్లో ఎవరి వంతు వాళ్లు చేయడం, తర్వాత టిఫిన్. టిఫినయ్యాక పాపతో పాఠం. పాఠమయ్యాక ఆరుబయటికి. భోజనం తర్వాత నిశ్శబ్దం గంట. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆట. చీకటి పడ్డాక స్నానాలు, నాన్నతో కబుర్లు, పడుకునే ముందు కథ. ఒకరోజు ఎనిమిదింటికి లేస్తే వరుస మొత్తం కాస్త వెనక్కి జరుగుతుంది, అంతే. తర్వాత ఏం రాబోతోందో పిల్లలకు తెలిసిపోవడం వల్ల 'పద, లే, రా' అని అరవాల్సిన పని చాలా తగ్గింది. మూడేళ్లవాడికి గంటలూ నిమిషాలూ తెలియవు కానీ టిఫినయ్యాక అక్క పలక తీస్తుందని, పలక లోపల పెట్టగానే చెప్పులు వేసుకోవాలని తెలుసు.

ఆ వరుసలో నన్ను నిలబెట్టింది నిశ్శబ్దం గంట. ఎవరైనా ఒక్క సలహా అడిగితే ఇదే చెబుతాను. భోజనాలయ్యాక ఇంట్లో ముగ్గురం మూడు చోట్ల. మాట్లాడుకోవడం ఉండదు. పాప తన మంచం మీద పుస్తకాలు, కాగితాలు, రంగులు పెట్టుకుంటుంది. బాబు చాప మీద చెక్క దిమ్మలతో. నిద్ర వస్తే పడుకోవచ్చు, కానీ పడుకోమని బలవంతం లేదు. ఇది ఒక్కసారిగా రాలేదు. పది నిమిషాలకు టైమర్ పెట్టి మొదలుపెట్టాం. మొదట్లో బాబు రెండు నిమిషాలకోసారి 'అమ్మా, అయిపోయిందా?' అంటూ వచ్చేవాడు. చెయ్యి పట్టుకుని, ఏమీ అనకుండా, మళ్లీ చాప దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. పది నిమిషాలు అలవాటయ్యాక పదిహేను, ఆ తర్వాత ఇరవై. ఇప్పుడు గంట హాయిగా గడిచిపోతుంది. ఆ గంటలో నేను ఇంటి పని ముట్టుకోను. కాళ్లు చాపుకుని కూర్చుంటాను, లేదా నాకు నచ్చింది చదువుకుంటాను. పిల్లలతో రోజంతా ఉండే మనిషికి ఆ విరామం లేకపోతే సాయంత్రానికి గొంతులో చిరాకు వచ్చేస్తుంది. పిల్లలకు కూడా ఎవరూ చూడని కాసింత సమయం కావాలి. పాప వేసిన మంచి బొమ్మలన్నీ ఆ గంటలోనే పుట్టాయి.

ఇంటి పనిని చదువుకు అడ్డం అనుకోవడం మానేశాక నా భారం సగం తగ్గింది. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి తన తొలి బాలల గృహం తెరిచారు. నీళ్లు వంపడం, బొత్తాలు పెట్టడం, ఊడవడం, బల్ల తుడవడం లాంటివి ఆమె పద్ధతిలో చదువులో భాగమే. చేతులు కుదురుగా పనిచేయడం, ఒక పని మొదలుపెట్టి ముగించడం వీటితో అలవడతాయి. బాబుకు మూడేళ్లప్పుడు చిన్న చెంబులో సగం దాకా నీళ్లు పోసి, ఒక గ్లాసు, ఒక పాత గుడ్డ ఇచ్చాను. చెంబును రెండు చేతులతో పట్టుకుని, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి వంచాడు. గ్లాసు అంచు దాకా వచ్చాయి నీళ్లు, ఆపడం తెలియలేదు, బల్లంతా తడి. నావైపు చూశాడు. గుడ్డ చూపించాను. బల్లను తుడవడం వాడికి వంపడం కన్నా ఇష్టమైపోయింది. తుడవడం కోసమే మళ్లీ మళ్లీ ఒలకబోశాడు కొన్నాళ్లు. ఓపిక పట్టాను. ఇప్పుడు భోజనాలకు అందరి గ్లాసుల్లో నీళ్లు పోసేది వాడే, చుక్క కింద పడదు.

ఆరిన బట్టలు మడతపెట్టేటప్పుడు పాప తువ్వాళ్లు తీసుకుంటుంది. సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి. 'అమ్మా, ఇప్పుడు ఇది ఎనిమిది పొరలు కదా' అని ఒకరోజు తనే అంది. పొరలు వేలితో లెక్కపెట్టి చూసుకుంది. సాక్సులకు జత వెతికే పని బాబుది. ఇలాంటి పనుల్లో నేర్పుతున్నానన్న ధ్యాస పెట్టుకుని ప్రశ్నలు గుప్పించకూడదు. పని పనిలాగే ఉండాలి. నేర్చుకునేది దానంతట అదే జరుగుతుంది.

ఇక పాఠం. షార్లెట్ మేసన్ అని బ్రిటన్‌లో ఒక విద్యావేత్త ఉండేవారు, 1842లో పుట్టి 1923లో పోయారు. ఆమె పద్ధతిలో చిన్న పిల్లలకు ఒక్కో పాఠం ఇరవై నిమిషాలు దాటదు. ఆరేళ్ల లోపు కూర్చోబెట్టే పాఠాలే ఉండవు, ఆ వయసులో పిల్లలు ఎక్కువసేపు ఆరుబయట ఉండాలంటారు. ఆ రెండూ మాకు బాగా కుదిరాయి. పాప ధ్యాస చెదిరే లోపే పుస్తకం మూసేస్తాను. 'ఇంకొంచెం' అని అడిగినా సరే, రేపు అంటాను. మర్నాడు తనే పలక పట్టుకుని వస్తుంది. ఆమె నుంచి తీసుకున్న ఇంకో అలవాటు, చదివి వినిపించిన కథను పిల్ల చేత తిరిగి చెప్పించడం. ఒక్కసారే చదువుతాను. పుస్తకం మూశాక పాప తన మాటల్లో చెబుతుంది. మధ్యలో నేను అందించను, దిద్దను. మొదట్లో 'ఒక నక్క ఉంది, అయిపోయింది' అనేది. ఒక్కసారే చదువుతానని తెలిసేసరికి చెవులు రిక్కించి వినడం అలవాటైంది. ఇప్పుడు నేను మరిచిపోయిన సంగతులు కూడా చెబుతుంది, మనుషుల గొంతులు మార్చి మరీ.

చదవడం నేర్పడానికి ఎక్కువ ఆలోచన పెట్టాను. అక్షరమాల వరుసగా మొత్తం దిద్దించాక మాటలకు వెళ్లడం పాత పద్ధతి. అందులో పిల్ల మొదటి మాట చదివేసరికి చాలాకాలం పడుతుంది. నేను త, ల, వ, ప, క, డ, గ, న మాత్రం ముందు తీసుకున్నాను. ఈ ఎనిమిదితోనే తల, వల, పలక, పడవ, గడప, నడక, పడక వచ్చేస్తాయి. నేర్చుకున్న కొద్ది రోజులకే పిల్ల అసలైన మాటలు చదివింది. గడప మీద 'గడప' అని, పలక మీద 'పలక' అని చీటీలు అంటించింది. తమ్ముడి నుదుటి మీద 'తల' అని అంటించింది, వాడు పడుకునేదాకా తీయనివ్వలేదు.

గుణింతం కూడా ఒక అక్షరానికి మొత్తం వల్లె వేయించలేదు. ఒక్కో గుర్తును తీసుకుని తెలిసిన అక్షరాలన్నిటికీ పెట్టి చూసుకున్నాం. దీర్ఘం వచ్చాక తాత, వాన. గుడి వచ్చాక గాలి, కాకి. కొమ్ము దగ్గరికి వచ్చేసరికి పాప ఆగింది. క పక్కన, త పక్కన పెట్టిన కొమ్ము ప, వ లకు మాత్రం కింద నుంచి ఎందుకు వస్తుందని అడిగింది. వ పక్కన కొమ్ము పెట్టి పలక తన వైపు తిప్పాను. కాసేపు చూసి, 'ఇది మ అయిపోయింది!' అని అరిచింది. ఆ రోజంతా ఇలాంటి జంటల వేటే. ర నడుమ చుక్క పెడితే ఠ, ధ నడుమ చుక్క పెడితే థ. తను కనిపెట్టిన జంటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని సాయంత్రం వాళ్ల నాన్నకు పరీక్ష పెట్టింది. ఒత్తులకు మాత్రం తొందర పడలేదు. చాలావాటికి తలకట్టు లేని అక్షరమే ఒత్తు కాబట్టి పిల్లలు తేలిగ్గా పోల్చుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపం వేరు, వాటిని విడిగా, ఒక్కొక్కటిగా చెప్పాలి. అవి రావడానికి చాలా నెలలు పట్టింది, పట్టనిచ్చాం.

లెక్కల విషయంలో మా ఆయనకే బెంగ ఎక్కువ. ఈ వయసు పిల్లలు బడిలో కూడికలు, తీసివేతలు పేజీలకు పేజీలు చేస్తున్నారని అనేవారు. అప్పుడు ఎల్. పి. బెనెజెట్ అనే ఆయన చేసిన పని గురించి ఇద్దరం చదివాం. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో ఆయన పాఠశాలల పర్యవేక్షకుడు. 1929 నుంచి కొన్ని తరగతుల్లో, ఆరో తరగతి దాకా పుస్తకం పెట్టి లెక్కలు చెప్పడం ఆపించారు. బదులుగా పిల్లల చేత బాగా మాట్లాడించారు, చదివించారు, కొలతలు అంచనా వేయించారు. ఆరో తరగతిలో మొదలుపెట్టిన ఆ పిల్లలు ఏడాదిలోపే మిగతావాళ్లను అందుకున్నారని ఆయన రాశారు. మేం అంత దూరం వెళ్లలేదు. కానీ అది చదివాక మా ఇంట్లో కంగారు పోయింది. లెక్క చేతిలో పట్టుకునేలా ఉండాలని మాత్రం నియమం పెట్టుకున్నాం. గింజలు, దిమ్మలు, బొత్తాలు, కొలత టేపు. ఇంట్లో ప్రతి తలుపూ ఎంత ఎత్తో పాపకు తెలుసు. పదేసి గింజలు చిన్న చిన్న మూటలు కట్టి, మూటలను లెక్కపెట్టడం నేర్చుకుంది. ఇరవై మూడు అంటే రెండు మూటలు, మూడు విడి గింజలు. తీసివేతలో మూట విప్పాల్సి వచ్చిన రోజు అప్పు తెచ్చుకోవడం వేరే చెప్పక్కర్లేకపోయింది.

అక్క పాఠం జరుగుతుంటే చిన్నవాణ్ణి ఏం చేయాలన్నది ప్రతి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న. మా దగ్గర ఒక బుట్ట ఉంది, పాఠం సమయంలో తప్ప అది బయటికి రాదు. అందులో పెద్ద పూసలు, దారం, మూతలు తీసి పెట్టే డబ్బాలు, తాళంచెవులు, బంకమట్టి. వారానికోసారి ఒకటి రెండు వస్తువులు మారుస్తాను. ముందుగా పది నిమిషాలు వాడితోనే కూర్చుంటాను, బొమ్మల పుస్తకం చూస్తాం, ఒళ్లో పడుకుంటాడు. కడుపు నిండినట్టే మనసూ నిండాక వాడు బుట్ట దగ్గరికి తనంతట తనే వెళ్తాడు. వాణ్ణి వదిలేసి అక్కతో మొదలుపెట్టిన రోజున ఇద్దరి పాఠమూ సాగదు.

ఆరుబయట మేం చేసిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయేది చందమామ పుస్తకం. ఒక నోటుబుక్కులో పేజీకొక గుండ్రని గీత గీసి ఇచ్చాను. రోజూ చందమామ ఎంత కనిపిస్తే అంత రంగు వేయాలి, పక్కన తేదీ రాయాలి. పౌర్ణమి నాడు మొదలుపెట్టాం. పొద్దు వాలుతుండగానే తూర్పున వచ్చేశాడు, ఇద్దరూ గుండ్రానికంతా పసుపు రంగు పూశారు. తర్వాతి రోజుల్లో రావడం ఆలస్యమవుతూ వచ్చింది. చంద్రోదయం సగటున రోజుకు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. కొన్ని రోజులకే పిల్లలు పడుకునే వేళ దాటిపోయింది. పేజీలు ఖాళీగా ఉండటం మొదలైంది. పాపకు ఉక్రోషం వచ్చింది, 'చందమామ రావడం మానేశాడు' అని రాసిపెట్టింది. నాకు చెప్పేయాలని నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. తర్వాత ఒక పొద్దున్న పళ్లు తోముకుంటూ బాబు బ్రష్షుతోనే పడమటి వైపు చూపించాడు. తెల్లగా, సగం చెక్కు, పగటి వెలుగులో చందమామ. పాప నోటుబుక్కు కోసం లోపలికి పరిగెత్తింది. ఆ రోజు నుంచి ఇద్దరూ పొద్దున్నే లేచి వెతకడం మొదలుపెట్టారు.

అమావాస్య దాటాక సాయంత్రం పడమట సన్నని వంక కనిపించింది. ఆ తర్వాత సగం చందమామ మధ్యాహ్నం ఆట వేళకే తూర్పు ఆకాశంలో ఉన్నాడు. 'పగలు కూడా ఉంటాడా?' అని పాప, 'నిన్న ఎందుకు లేడు?' అని బాబు. మళ్లీ పౌర్ణమి వచ్చేదాకా పేజీలు లెక్కపెడితే నెలకు దగ్గరగా వచ్చాయి. చంద్రకళల చుట్టు సగటున 29.5 రోజులు. ఆ సంఖ్య నేను చెప్పాను. సగం రోజు ఎలా అవుతుందని పాప అడిగింది. చీకటి గదిలో టార్చి లైటు, బంతి పెట్టి ఆ సాయంత్రం నాన్న ఆట ఆడించారు. బంతి తన చుట్టూ తిప్పుతూ, వెలుగు పడే భాగం పెరగడం, తరగడం చూపించారు. ఒక్క నోటుబుక్కుతో మా ఇంట్లో రాయడం, బొమ్మ వేయడం, లెక్కపెట్టడం, తూర్పు పడమరలు, ఓపిక పట్టడం అన్నీ జరిగాయి. పాఠంలో చెప్పి ఉంటే పది నిమిషాల్లో అయిపోయేది, ఏదీ మిగిలేది కాదు.

'నలుగురు పిల్లలతో కలవకపోతే ఎలా?' అని అడగని వాళ్లు లేరు. మా అత్తయ్య మొదటిసారి వచ్చినప్పుడు, మట్టిలో కూర్చుని ఉన్న పిల్లల్ని చూసి, 'ఇంతసేపూ మట్టిలోనేనా, చదువెప్పుడమ్మా?' అన్నారు, ఆ వెంటనే ఈ ప్రశ్న కూడా అడిగారు. ఆ అడగడంలో ప్రేమే ఉంది. ప్రశ్న కూడా సరైనదే. ఇంటి చదువులో స్నేహాలు వాటంతట అవి రావు, పెద్దవాళ్లు పూనుకోవాలి. ఇంట్లోనే చదివించుకుంటున్న ఇంకో రెండు కుటుంబాలతో వారానికోసారి కలుస్తాం. వాన వచ్చినా ఎండ కాసినా ఆ రోజు మార్చం. రోజూ సాయంత్రం బడి పిల్లలు ఆడుకోవడానికి వచ్చే వేళకు మావాళ్లూ బయట ఉంటారు. అత్తయ్య ఉన్నన్నాళ్లూ కథల బాధ్యత ఆమెదే. చూసి చదివే కథ కన్నా ఆమె నోటి కథ పిల్లలకు బాగా పట్టింది. వెళ్లేటప్పుడు 'ఫోన్లోనైనా రోజూ ఒక కథ చెబుతానే' అని పాపకు మాటిచ్చారు, నిలబెట్టుకుంటున్నారు.

అన్ని రోజులూ ఒకలా ఉండవు. ఒకరికి జలుబు చేస్తే ఇద్దరికీ చేస్తుంది. కొన్ని రోజులు పొద్దున్నుంచే ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటారు. అలాంటి రోజు పాఠం పక్కన పెట్టి బయటికి తీసుకెళ్తాను. నీళ్లలో ఆడనిస్తే చాలాసార్లు కుదుటపడతారు. అదీ కుదరకపోతే ఇద్దర్నీ చెరోపక్క కూర్చోబెట్టుకుని కథ చదువుతాను. ఫోను, టీవీ మాత్రం ఆ వేళలో ఇవ్వం. వాటి సమయం వేరే, వారాంతంలో అందరం కలిసి చూస్తాం. నాకు ఒంట్లో బాగాలేని రోజున మా ఆయన పని వేళలు మార్చుకుంటారు. సెలవు రోజు పొద్దుటి పూటంతా పిల్లలు ఆయనతోనే, నేను ఇంట్లో ఉన్నా లేనట్టే. ఈ ఒప్పందం మొదటి నుంచీ పెట్టుకున్నాం. ఒక్కరి మీదే భారం పడే ఇంట్లో ఇంటి చదువు ఎక్కువకాలం సాగదని నా గట్టి నమ్మకం.

రాత్రి పిల్లలు పడుకున్నాక డైరీలో మూడు లైన్లు రాస్తాను. ఏం చదివారు, ఏం చేశారు, ఏం అడిగారు. అడిగిన ప్రశ్నలు తప్పకుండా రాస్తాను. ఎవరైనా పురోగతి చూపించమంటే పనికొస్తుందని మొదలుపెట్టాను కానీ నాకే ఎక్కువ పనికొచ్చింది. 'ఈ వారం ఏమీ జరగలేదు' అని దిగులేసినప్పుడు వెనక పేజీలు తిరగేస్తే చాలు. పోయిన నెల చదవలేని మాట ఈ నెల చదివేసింది, పోయిన నెల బొత్తాం పెట్టుకోలేనివాడు ఇప్పుడు చొక్కా మొత్తం వేసుకుంటున్నాడు. రోజూ చూసే కళ్లకు ఆ తేడా కనిపించదు. కాగితం మీద కనిపిస్తుంది.

పాప ఇప్పుడు సొంతంగా కథల పుస్తకాలు చదువుకుంటోంది. బడికి వెళ్లాలని ఉందా అని ఈమధ్య అడిగాం. ఇంకొన్నాళ్లు ఇంట్లోనే అంది, ఏడాదికోసారి అడగమంది కూడా. అలాగే చేస్తాం. బాబు అక్షరాలు మొదలుపెట్టే వయసుకు వస్తున్నాడు, వాడి దారి పూర్తిగా వేరు. అక్క కూర్చుని నేర్చుకుంది, వీడు కుదురుగా కూర్చోడు. అందుకని ఆ ఎనిమిది అక్షరాలనూ పెద్ద కార్డుల మీద రాసి నడవ పొడుగునా గోడకు అంటించాను. 'ల' అంటే పరిగెత్తుకెళ్లి 'ల'ను చరుస్తాడు, 'ప' అంటే ఈ చివర నుంచి ఆ చివరకు. అక్షరాలు పిలిచే బాధ్యత అక్క తీసుకుంది. త, ల, వ వచ్చేశాయి. క, గ దగ్గర ఇంకా తడబడుతున్నాడు, కాబట్టి వచ్చే వారం కార్డుల చోటు మార్చి, ఆ రెండింటినీ ఎదురెదురు గోడల మీద పెట్టబోతున్నాం.